హరికథా పితామహుడు: ఆదిభట్ల నారాయణదాసు

రాత్రి భోజనములు ముగిసిన పిమ్మట ఊరి దేవాలయము ముందరి పందిరిలో జనము చేరుచుందురు. ముందువరుసను శాస్త్రములు చదివిన పండితులు, వారి వెనుక కరణముగారు, మునసబుగారు, వకీళ్లు, వర్తకులు. ఆ వెనుక పగలెల్ల పొలములో పనిచేసి వచ్చిన రైతులు, కూలీలు. ఒక ప్రక్కగా స్త్రీలు, వారి ఒడిలో నిద్రకు తూగు పిల్లలు. కాగడాల వెలుతురులో వేదికమీద నిలుచువాడు ఒక్కడే. వెనుక ఫిడేలు, మృదంగము కలవు గాని తెర లేదు, వేషము లేదు, తోడునటుడు లేడు. ధ్రువుడును అతడే, ధ్రువుని తండ్రి ఒడి చేరనీయని సురుచియు అతడే, కంట తడిపెట్టిన సునీతియు అతడే, అడవిదారిలో ఎదురైన నారదుడును అతడే. కాళ్లకు గజ్జెలు, చేత చిరతలు, మెడలో పూలదండ, ఇంతియే పరికరము. మూడు నాలుగు గంటలసేపు పాట, పద్యము, వచనము, నృత్యము, అభినయము అన్నియు ఒక్క శరీరమునుండియే రావలెను. మైకు అను యంత్రము మన సభలకు ఇంకను రాని కాలమది. పందిరి చివర కూర్చున్నవానికి మాట అందనిచో వాడు ప్రక్కవానితో మాటలు పెట్టుకొనును. ముందువరుస పండితునకు తప్పు దొరికినచో పెదవి విరుచును. పిల్లవానికి విసుగు పుట్టినచో ఏడ్చును, తల్లి వానిని ఎత్తుకొని ఇంటికి పోవును. ఒకరు లేచినచో నలుగురు లేతురు.

ఇట్టి పరీక్షకు అర్ధశతాబ్దమునకు పైగా నిలిచి, హరికథను తెలుగువారి సొంత కళగా తీర్చిన మహనీయులు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు. చేత కాగితమును, ముందు మైకును, ప్రక్కన మంచినీళ్ల గ్లాసును పెట్టుకొనియు పది నిమిషముల ఉపన్యాసమునకే నాలుక పిడచగట్టుకొని పోవువారు నేటి సభలలో అరుదు కాదు. అట్టివారికి ఈ మహాపురుషుని చరిత్ర మొదట ఆశ్చర్యమును కలిగించును. కొంచెము నిదానించి చూచినచో ఆ ధైర్యము ఎచ్చటనుండి వచ్చెనో కూడ తెలియును.

నారాయణదాసుగారు 1864వ సంవత్సరము ఆగష్టు 31వ తేదీన బొబ్బిలికి చేరువనున్న అజ్జాడ గ్రామమున జన్మించిరి. తండ్రి వేంకటచయనులుగారు, తల్లి నరసమ్మగారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. దాసు అనునది హరిదాసుగా లోకము పెట్టిన పేరు. అది అసలు పేరును మ్రింగివేసినది. ఇంట పాండిత్యమునకు లోటు లేదు గాని కలిమి లేదు. తల్లి నోట వినుచు వినుచు ఆ బాలునకు పోతనామాత్యుని భాగవత పద్యములు అక్షరములు దిద్దకముందే కంఠస్థమైనవి.

ఆ దినములను గూర్చి ఒక కథ చెప్పుకొందురు. తల్లితో యాత్రకు పోయినపుడు ఆ పిల్లవాడు పుస్తకములు అమ్మువాని యొద్ద నిలిచి భాగవతము కావలెనని పట్టుపట్టెనట. ఈ పసివానికి భాగవతమేలయని అంగడివాడు నవ్వెనట. అంతట బాలుడు అచ్చటనే నిలుచుండి పద్యమువెంట పద్యము గానము చేయగా, దారిని పోవువారు గుమిగూడిరట. అంగడివాడు భాగవతమును, పైగా కొంత ధనమును ఇచ్చి పంపెనట. పెద్దవారి బాల్యమును గూర్చి ఇట్టి కథలు పుట్టుట లోకసహజము. దీని నెంతవరకు నమ్మవలెనో పాఠకుల ఇష్టము. అయినను కథలో ఒక మాట మాత్రము నారాయణదాసుగారి జీవితమంతటికి సరిపోవును. నవ్విన వానికి బాలుడు జవాబు చెప్పలేదు, అలుగలేదు, తల్లి కొంగుచాటునకు పోలేదు. తనకు వచ్చినది పాడెను. వచ్చినది గట్టిగా వచ్చియుండుటచే ఎదుటివాని నవ్వు వానిని కదల్పలేకపోయినది.

మనుమనిలోని సంగీతపు జాడను కనిపెట్టిన మాతామహి అతనిని బొబ్బిలికి తీసికొనిపోయి వాసా సాంబయ్యగారి యొద్ద శిక్షణకు పెట్టినది. అటుపిమ్మట విజయనగరమున న్యాయవాదిగానున్న అన్నగారి యింట చేరి ఇంగ్లీషు చదువు ప్రారంభించిరి. అగ్రహారపు సంస్కృతము, తల్లి నేర్పిన భాగవతము, బొబ్బిలి సంగీతము, విజయనగరపు ఇంగ్లీషు: ఈ నాలుగును ఒక్క యువకునిలో చేరినవి గాని, వానిని కలిపి చూపు చోటు ఏదియు అప్పటికి కానరాలేదు. పండిత సభలో శాస్త్రము చెప్పవచ్చును, సంగీత సభలో పాడవచ్చును, బడిలో షేక్స్పియరు చదువవచ్చును. ఎచ్చటికి పోయినను తక్కిన మూడింటిని గుమ్మము వెలుపల విడిచి పోవలసినదే.

విజయనగరము ఆ కాలమున సామాన్యమైన పట్టణము కాదు. ఆనంద గజపతి మహారాజు ఆస్థానమున పండితులు, గాయకులు, వీణా విద్వాంసులు ఉండిరి. గురజాడ అప్పారావుగారు అచ్చటివారే. నారాయణదాసుగారికంటె వయస్సున సుమారు రెండేండ్లు పెద్ద. వారి కన్యాశుల్కము 1892లో ఆ పట్టణముననే ప్రదర్శింపబడినది. వినుటయందు ఆరితేరిన ఊరది. పలుచని సరకును అచ్చట చెల్లించుట కష్టము. అట్టి ఊరిలో పెరిగినవానికి ఇతర గ్రామముల సభలు భయము కలిగింపకుండుటలో వింత లేదు.

1883లో మదరాసునుండి కుప్పుస్వామి నాయుడుగారను భాగవతులు విజయనగరమునకు వచ్చి హరికథ చెప్పిరి. మహారాష్ట్రుల కీర్తన సంప్రదాయము తంజావూరు మార్గమున దక్షిణదేశమునకు దిగి, అచ్చటి కర్ణాటక సంగీతముతో కలిసి క్రొత్తరూపు దాల్చియుండెను. తెలుగునాట జంగము కథలు, యక్షగానములు, పురాణ పఠనములు అనాదిగా కలవు గాని, ఒక్క మనిషి నిలుచుండి సంగీత సాహిత్య నృత్యములను మూడింటిని పండితులును పామరులును మెచ్చునట్లు నడుపు ఈ పద్ధతి విజయనగరమువారికి క్రొత్త. జనములో కూర్చుండి విన్నవారిలో పంతొమ్మిదేండ్ల సూర్యనారాయణ ఒకరు. ఆ రాత్రి ఆయనకు దొరికినది ఒక కథ కాదు, తన నాలుగు విద్యలును ఒకేసారి నిలువగల ఒక వేదిక. కొలది దినములలోనే ధ్రువచరిత్రమును హరికథగా తానే రచించి, తానే స్వరపరచి, కాళ్లకు గజ్జెకట్టి జనము నెదుట నిలిచిరి.

ఈ నిర్ణయమును నేటివారు తేలికగా తీసికొనరాదు. గజ్జె కట్టుట అనగా ఆనాటి శిష్టకుటుంబములలో వేశ్యల పని, భాగవతుల పని. అగ్రహారపు బ్రాహ్మణ యువకుడు, అందును ఇంగ్లీషు బడికి పోవువాడు, నలుగురిలో నిలిచి నాట్యమాడుట పెద్దలకు సులభముగా మ్రింగుడుపడునది కాదు. ఇంగ్లీషు అక్షరములు నాలుగు వచ్చినవానికి కచ్చేరీలో ఉద్యోగము ఎదురుచూచుచుండిన కాలము. అన్నగారి వకీలు వృత్తి కన్నులయెదుటనే యున్నది. జీతము, పింఛను, గౌరవము అన్నియు ఒక వైపు; నేటి రాత్రి కథ ఆకట్టుకొన్నచో రేపటి భోజనము అను బ్రతుకు ఇంకొక వైపు. ప్రభుత్వ కొలువుల విలువ ఎరిగిన కుటుంబములకు ఆ త్రాసు ఎట్లు తూగునో వేరుగ చెప్పనక్కరలేదు. దాసుగారు రెండవ వైపునే కోరుకొనిరి. కోరుకొని, ఆ వృత్తినే గౌరవస్థానమునకు ఎత్తిరి. వారి తరువాతివారికి హరిదాసు అనిపించుకొనుట బిరుదైనదే గాని నింద కాలేదు.

తొలి సంవత్సరములలో వారు ఉత్తరముగా ఛత్రపురము, బరంపురము వరకు, దక్షిణముగా కృష్ణాతీరము వరకు సంచరించిరి. బెజవాడనుండి కటకము వరకు తీరమువెంట రైలు 1893 మొదలు 1896 లోపల పడినది. అంతకు పూర్వపు ప్రయాణము లన్నియు బండ్లమీద, పడవలమీద, కాలినడకను సాగినవే. ఊరూరను జనము వేరు. ఒక ఊర సంస్కృత పండితులు హెచ్చు, ఒక ఊర వర్తకులు హెచ్చు, గంజాము వైపు ఒరియా మాటలాడువారును సభలో కలసియుందురు. ఒకే ధ్రువచరిత్రమును అందరికి ఒకే తీరున చెప్పిన కుదరదు.

దాసుగారి ఆకర్షణ రహస్యము ఇచ్చటనే కలదని తోచును. హరికథకు వ్రాతప్రతి యుండును. పద్యములు, కీర్తనలు, ద్విపదలు, దరువులు అందు నిశ్చయముగా నుండును. ఆ ప్రతి యావత్తు వారి స్వంత రచన. అక్షరమక్షరమును, రాగమును, తాళమును తామే కూర్చినవి. అందుచే ఏ పద్యమును విడిచినను కథ తెగదో, ఏ కీర్తనను రెండింతలు సాగదీసినను జనము విసుగుకొనరో వారికి తెలిసినట్లు ఇంకొకరికి తెలియదు. పరుల రచనను వల్లెవేసినవాడు ఒక మాట తప్పినచో దారి తప్పును. దారియే తనదైనవానికి ఆ భయమెక్కడిది?

రెండవది భాష. సంస్కృత సమాసములతో ముందువరుసను తల యూపించి, ఆ వెంటనే అచ్చతెనుగు పలుకుతో పందిరి చివరివారిని దగ్గరకు తీసికొనుట వారి పద్ధతి. అచ్చతెనుగుపై వారికి గల ప్రీతి ఒక సభారంజక యుక్తి మాత్రము కాదు. తెనుగు తనంతట తాను దేనినైనను చెప్పగలదని వారి దృఢవిశ్వాసము. అందులకై పెద్ద గ్రంథములే వ్రాసిరి. అయినను ఆ విశ్వాసము వేదికమీద చేసిన ఉపకారము గొప్పది. పండితుడు తన్ను మరచిరని అనుకొనడు, పామరుడు ఇది తనకు కాదని అనుకొనడు.

మూడవది నడక. పద్యము బరువెక్కినపుడు కీర్తన నెత్తుకొందురు. కీర్తన విస్తరించి చెవులు నిండినపుడు చిరతలు మ్రోయును, గజ్జె కదలును. పాదములు అలసినపుడు వచనములో ఒక హాస్యము పడును. నవ్వు చల్లారకముందే కరుణరసములోనికి జారుదురు. వినువాని మనస్సు ఒక్క విధముగా కొంతసేపే కూర్చుండగలదని హరికథను తీర్చిన పూర్వులకు తెలియును. దాసుగారికి అది ఒంటబట్టినది. వారు దృఢకాయులు, గంభీర స్వరూపులు. పెద్దమీసము, పట్టుబట్ట, కాళ్లకు గజ్జెలు; వేదికపైకి వచ్చి నిలిచినంతనే సద్దు మణగెడిదని చూచినవారు చెప్పుకొనుట కలదు. రూపము దైవదత్తము. రూపముచే అణగిన సద్దు పది నిమిషములు నిలుచును. పదునొకండవ నిమిషమునుండి విద్యయే నిలుపవలెను.

హరికథ చాలక వారు అవధానములును చేసిరి. సాహిత్యావధానము తెలుగువారికి తెలిసినదే. దాసుగారు దానికి సంగీతమును, లయను జతచేసిరి. వారి తాళ ప్రజ్ఞ వారికి పంచముఖి అను ప్రసిద్ధిని తెచ్చినది. రెండు కాళ్లు, రెండు చేతులు, శిరస్సు, ఈ ఐదింటితో ఐదు వేర్వేరు తాళములను ఏకకాలమున నడుపుచు పాడి ముగింపునకు అన్నిటిని ఒక్కచోట చేర్చుట ఆ విద్య. దీని కష్టము మాటలలో తెలియదు, లెక్కలో తెలియును. ఉదాహరణకు మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది అక్షరముల ఆవర్తములను ఐదింటిని ఒకేసారి మొదలిడినచో, అవి మరల అన్నియు కలిసి ఒకేచోట పడుట 1260వ అక్షరము వద్దనే. ఆడిట్ ఆఫీసులలో పనిచేయు మిత్రులు కాగితముమీద వేసి చూచుకొనవచ్చును. దాసుగారు వేసినది శరీరముమీద, అదియును పాడుచు, ఎదుట పరీక్షకులు కూర్చుండి తప్పు పట్టుకొనుటకు కాచుకొనియుండగా.

ఇట్టి విద్యలను గారడియని చప్పరించువారు కూడ కలరు. రసమునకును లెక్కకును దూరమను మాట కొంత నిజమే. అయినను ఒక విషయము గమనింపదగినది. ఐదు తాళములు నడుపగలవానికి ఒక తాళములో పాడుట శ్వాస పీల్చుటవంటిది. వేదికమీద అవసరమైన దానికంటె పదింతలు ఎక్కువ సిద్ధముగా నుంచుకొనువానికి కంగారు పుట్టదు. చేతికి, కాలికి, తాళమునకు పని చెప్పనక్కరలేక అవి తమంతట తాము పోవుచుండగా, మనస్సు తీరికగా జనమువైపు చూడగలదు. ఎవరు నవ్విరి, ఎవరు ఆవులించిరి, ఎవరి కన్ను చెమ్మగిల్లినది అని కనిపెట్టగలదు. దాసుగారి నిర్భయత్వమునకు మూలము ఆ తీరికయే.

వారి ఖ్యాతి తెలుగు ఎల్లలు దాటి మైసూరు సంస్థానమునకు చేరినది. చామరాజేంద్ర ఒడయరు మహారాజుగారి ఎదుట పాడి సన్మానము పొందిరి. ఆ సందర్భమున అప్పుడే పాశ్చాత్యదేశములనుండి దిగిన ధ్వనిముద్రణ యంత్రములో వారి గానమును పట్టియుంచిరి. మైనపు గొట్టముమీద సూది గీతలు గీయు తొలిరకపు యంత్రమది. 1897లో మైసూరు పాత రాజభవనము అగ్నికి ఆహుతియైనపుడు ఆ ముద్రణలును కాలిపోయినవని చెప్పుదురు. యౌవనములోని నారాయణదాసు కంఠము ఎట్లుండెనో వినగల ఒక్క అవకాశము ఆ మంటలలో పోయినది.

మైసూరు ఆదరము వారిని అచ్చట నిలుపలేదు. విజయనగరముననే ఆస్థాన విద్వాంసులుగా నిలిచిరి. ఆనంద గజపతి మహారాజు 1897లో పరమపదించిరి. పోషకులు మారిరి గాని హరికథ ఆగలేదు. అంబరీష చరిత్రము, గజేంద్రమోక్షణము, రుక్మిణీ కల్యాణము, ప్రహ్లాద చరిత్రము, సావిత్రీ చరిత్రము, భీష్మ చరిత్రము, జానకీ శపథము ఒకదాని వెంట ఒకటి వెలువడినవి. రామకథను యథార్థ రామాయణమను పేర వరుస హరికథలుగా రచించిరి. నవరస తరంగిణి యను గ్రంథమున కాళిదాసును, షేక్స్పియరును ఎదురెదురుగా కూర్చుండబెట్టి ఇద్దరి రసఘట్టములను తెలుగులోనికి తెచ్చిరి. పారసీకము నేర్చి ఉమర్ ఖయ్యాము రుబాయీలను మూలమునుండియు, ఫిట్జ్‌జెరాల్డు ఇంగ్లీషు నుండియు సంస్కృతములోనికి, అచ్చతెనుగులోనికి పరివర్తనము చేసిరి. తొంబది రాగములతో అమ్మవారి స్తుతిగా దశవిధ రాగ నవతి కుసుమ మంజరిని కూర్చిరి. ఒక్కొక్కటి వేరు వ్యాసమునకు చాలును. ఇచ్చట పేరు చెప్పి విడువక తప్పదు.

స్వభావమున దాసుగారు వినయమూర్తి యని వ్రాసినచో అది నిజమునకు దూరమగును. తన విద్య విలువ తనకు తెలియును. తెలిసినట్లు నటింపకుండుట వారి స్వభావము కాదు. నా యెఱుక అను స్వీయచరిత్రలో తమ ప్రజ్ఞను దాచుకొనలేదు, యౌవన చాపల్యములను కూడ దాచుకొనలేదు. ఆ కాలపు పెద్దమనుష్యుల చరిత్రలతో పోల్చినచో ఆ నిష్కాపట్యము అరుదైనది. ఇంచుమించు ముప్పదేండ్ల వయస్సు వరకే కథ చెప్పి ఆ గ్రంథము ఆగిపోయినది. గర్వము కొందరికి కంటగింపైనను, సభలో అది వారికి చెరుపు చేయలేదు. ఏలయన గర్వించుటకు చేతిలో సరకు ఉండెను. ఆ సరకును ఆ రాత్రియే జనము నెదుట విప్పి చూపుచుండిరి. సరకు లేని గర్వమును జనము గడియలో పసిగట్టును.

1919లో విజయరామ గజపతి మహారాజు విజయనగరమున సంగీత పాఠశాలను స్థాపించిరి. దానికి ప్రథమాధ్యక్షులుగా నారాయణదాసుగారు నియమితులైరి. ఫిడేలు ఆచార్యులుగా వచ్చిన యువకులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు. పదునేడు సంవత్సరములు ఆ పీఠము నలంకరించి 1936లో దాసుగారు విరమింపగా, నాయుడుగారే ఆ స్థానమునకు వచ్చిరి. ఏ కొలువునకు పోక గజ్జె కట్టిన యువకుడు ఐదుపదులు దాటిన పిమ్మట జీతమునకు హాజరుపట్టీ గల ఉద్యోగమున కుదురుకొనుట ఒక చిత్రము. అయినను ఆ యుద్యోగము వారు వెదకిన యుద్యోగము కాదు. వారి విద్యను వెదకికొని వచ్చినది.

పాఠశాలలో రాగము నేర్పవచ్చును, తాళము నేర్పవచ్చును, పద్యమును చదువు తీరు నేర్పవచ్చును. కాని వేయిమంది జనమును ఎట్లు చూడవలెనో గదిలో కూర్చుండి నేర్పుట ఎట్లు? శిష్యులు గురువుల వెంట తిరిగి, వేదిక ప్రక్కన కూర్చుండి, చూచి నేర్చికొనిరి. దాసుగారి శిష్య ప్రశిష్యులు తెలుగుదేశమంతట హరికథను వ్యాపింపజేసిరి. ఆ పరంపరలో గొప్పవారు పలువురు కలరు. పట్టుబట్టను, మీసమును, దర్పమును గ్రహించి విద్యను గ్రహింపని అనుకర్తలును పుట్టిరని ఒప్పుకొనవలెను. పాండిత్యము పలుచబడినచోట పిట్టకథలు హెచ్చినవి. పిట్టకథ జనమును మేలుకొలుపుటకు వచ్చినది. మేలుకొన్న జనమునకు చెప్పుటకు అసలుకథ లేనిచో మరియొక పిట్టకథ చెప్పవలసి వచ్చును. ఇది హరికథకే పరిమితమైన జబ్బు కాదని సభలకు పోవు అలవాటు గలవారు గ్రహింపగలరు.

దాసుగారి చివరి దశలోనే కాలము మారినది. 1930 తరువాత టాకీలు వచ్చినవి. తెలుగు తొలి టాకీకి దొరికిన కథయు ప్రహ్లాదునిదే. హరిదాసు ఒక్కడు నిలిచి చూపిన హిరణ్యకశిపుని, లీలావతిని, ప్రహ్లాదుని వేర్వేరు నటులు తెరమీద చూపిరి. లౌడ్‌స్పీకరు వచ్చి పందిరి చివరివానికి మాట అందించు భారమును కంఠమునుండి తీసివేసినది. యంత్రము సాయమున్నచో గొంతుకు సుఖమే గాని, దూరమున కూర్చున్నవానికొరకు మాటను మలచు ఆ పాత అలవాటు కొంత సడలినది.

1945 జనవరి 2వ తేదీన, ఎనుబది యేండ్లు నిండిన వయస్సున, నారాయణదాసుగారు కీర్తిశేషులైరి. వారు నడిపిన సంగీత పాఠశాల కళాశాలగా పెరిగి ఇప్పటికిని విజయనగరమున నడుచుచున్నది. హరికథ చెప్పువారు నేటికిని వారిని తలచుకొందురు. పితామహులను బిరుదు వారికి నిలిచిపోయినది.

వారి హరికథలు నేడు పుస్తకరూపమున దొరకును. తెరచి చూచినచో రాగము పేరు, తాళము పేరు, దాని క్రింద కీర్తన. ఆ క్రింద ఒక పద్యము. ఆ పిమ్మట వచనమని తలకట్టు పెట్టి రెండు మూడు పంక్తులు. వెంటనే మరల పద్యము. ఇంటిలో కూర్చుండి చదువువారికి ఆ వచనము కథను అతుకుటకు వేసిన చిన్న కుట్టువలె కనుపించును. జనము నెదుట నిలిచినపుడు హరిదాసు గంటలు గడిపినది ఆ రెండు మూడు పంక్తులలోనే. అచ్చట ఏమి చెప్పిరో, ఎవరి వంక చూచిరో, ఎచ్చట ఆగిరో అచ్చులో లేదు.